బావిగట్టు నుండి ప్రయోగశాల వరకు

ప్రయోగశాల అన్న మాట వినగానే మన మనస్సులో ఒక చిత్రం మెదలుతుంది. గాజు నాళికలు, దీపం మీద మరుగుతున్న ద్రవాలు, సూక్ష్మదర్శినిలోనికి వంగి చూస్తున్న ఒక మనిషి. ఆ చిత్రంలో అసత్యం లేదు. కాని ఆ సామగ్రి అంతా ప్రయోగశాలకు శరీరం మాత్రమే. దాని ప్రాణం ఒక పద్ధతిలో ఉన్నది. ప్రకృతిని ఒక ప్రశ్న అడుగుట, ఆ ప్రశ్ననే మరల మరల అడుగుట, ఎవరు ఎక్కడ అడిగినా అదే సమాధానం వచ్చునో లేదో సరిచూచుకొనుట - ఇదే ఆ పద్ధతి. ఇది ఉన్నచోట చిన్న గది కూడా ప్రయోగశాల అవుతుంది. ఇది లేనిచోట ఎంత గొప్ప భవనమైనా గాజు సామాను దాచిన కొట్టు మాత్రమే.

మెట్ట పైరులతో, చెరువులతో, చేదబావులతో కాలం గడపిన పాలమూరు, నల్లగొండ సీమలకు ఈ ప్రయోగశాలతో ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. సంబంధం కలదు, అది చాలా దగ్గరి సంబంధం. మన సీమ ప్రజలు త్రాగిన నీరు, తిన్న జొన్న ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కినవి. నల్లగొండ పేరు ఒక రసాయన పద్ధతికి పేరై ఖండాంతరాలకు వెళ్లినది. ఈ చరిత్రను పరిశీలించినప్పుడు మనకు ఒక సత్యం స్పష్టపడుతుంది. ప్రశ్న ఊరి బావి నుండి బయలుదేరి ప్రయోగశాలకు చేరవలెను. సమాధానం ప్రయోగశాల నుండి తిరిగి బయలుదేరి ఊరి కుండలోనికి చేరవలెను. ఈ రాకపోకలలో ఏ ఒక్కటి ఆగిపోయినా శాస్త్రజ్ఞుని శ్రమ సగమే ఫలిస్తుంది.

ముందుగా ఈ సీమలను ఏలిన హైదరాబాదు రాజ్యంలో ప్రయోగ పద్ధతి ఏ విధంగా అడుగుపెట్టినదో కొంచెము చూద్దాము. పాలమూరుకు మహబూబ్‌నగరమన్న పేరు 1890లో వచ్చినది. అది ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు. ఆ నిజాము కాలంలోనే, 1888లోను 1889లోను, హైదరాబాదులో క్లోరోఫారం సంఘాలు రెండు పనిచేసినవి. శస్త్రచికిత్సలో రోగికి నొప్పి తెలియకుండ క్లోరోఫారం ఇచ్చే పద్ధతిని 1847లో ఎడింబరోలో సింప్సన్ ప్రచారంలోనికి తెచ్చినాడు. అది వరమే, కాని కొందరు రోగులు బల్ల మీదనే హఠాత్తుగా మరణించేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండెయా? ఇది ఆనాటి వైద్యలోకాన్ని రెండుగా చీల్చిన వివాదం.

హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ముందు ఆగేది శ్వాసయే అన్నాడు. తన మాటను పరీక్షకు పెట్టుటకు ఆయన సిద్ధపడినాడు. మొదటి సంఘం నిర్ణయాన్ని లండనులోని లాన్సెట్ పత్రిక శంకించగా, నిజాము ధనసహాయంతో ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ ఔషధ శాస్త్రజ్ఞుడు హైదరాబాదుకు వచ్చినాడు. రెండవ సంఘం నాలుగు వందలకు మించిన జంతువుల మీద ప్రయోగాలు చేసినది. ఆ పనిలో పాల్గొన్నవారిలో రూపాబాయి ఫర్దూంజీ అను హైదరాబాదు యువతి కూడ ఉన్నది. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే మొదటి మహిళలలో ఒకరుగా ఆమెను నేడు స్మరిస్తున్నారు. శ్వాసయే ముందు ఆగునని, కనుక వైద్యుని దృష్టి ఊపిరి మీద ఉండవలెనని సంఘం తీర్పు చెప్పినది.

ఊపిరిని గమనింపవలెనన్న హితవు మంచిదే. కాని తీర్పు మాత్రం నిలువలేదు. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, స్వల్పమైన మత్తులో కూడ గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని నిరూపించినాడు. ఇందులో మనము నేర్వవలసిన పాఠం ఉన్నది. వందల ప్రయోగాలు చేసినంత మాత్రాన సత్యం చేతికి చిక్కదు; ప్రశ్నను అడిగిన తీరులోనే లోపం ఉండవచ్చును. అయితే ప్రయోగశాల తప్పును దిద్దగలిగినది కూడ మరొక ప్రయోగశాలయే. ఏ అధికారి ఆజ్ఞయు కాదు.

తరువాత కొద్ది ఏండ్లకే, 1897 ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమి ఎదుగుదలను చూచినాడు. ఆయనకు ఉన్నవి ఒక చిన్న గది, ఒక సూక్ష్మదర్శిని, ఎడతెగని ఓర్పు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం లభించినది. ఆ దోమలు హుస్సేన్ ఖాన్ అను రోగి రక్తం త్రాగిన దోమలు. ఒక్కొక్క దోమకు ఒక్క అణా చొప్పున ఆయనకు ముట్టినది. శాస్త్రచరిత్రలో ఒక సామాన్య రోగి పేరు నిలిచియుండుట అరుదు. ప్రయోగశాల గోడల లోపల జరిగే ప్రతి పనికి వెనుక గోడల వెలుపలి మనిషి ఒకడు ఉన్నాడని ఆ పేరు మనకు గుర్తుచేస్తున్నది.

ఇప్పుడు మన సీమ సొంత ప్రశ్నకు వస్తాము. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు. ఆ పళ్లను మనవారు గారపళ్లు అన్నారు. నడివయస్సు రాకముందే మెడ తిరగకపోవుట, నడుము వంగిపోవుట, చతికిలబడి కూర్చుండలేకపోవుట. వెన్నుపూస పెరిగి లోపలి నరాలను నొక్కినప్పుడు కాళ్లు చచ్చుబడుట. పల్లెలలో దీనిని కొందరు వాతమన్నారు, కొందరు కర్మమన్నారు. అదే బావి నీరు ఇంటిల్లిపాది త్రాగుటవలన ఇంటిల్లిపాదికి అదే బాధ వచ్చి, అది వంశదోషంగా కూడ కనిపించినది.

ఈ వ్యాధి సంగతి తెలుగు నేల మీద మొదట తేలినది అప్పటి నెల్లూరు జిల్లాలో. అక్కడ మొదట గుర్తించినవారు వైద్యులు కారు, రైతులు. 1930 తరువాతి తొలి సంవత్సరాలలో, తమ ఎద్దులు కీళ్లు బిగిసి నడువలేక, కాడి లాగలేకపోవుటను వారు గమనించినారు. మనుష్యులలో కూడ అదే బాధ ఉన్నదని తరువాత తెలిసినది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను మదరాసు వైద్యులు దీనిని పరిశోధించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని ప్రకటించినారు.

నీటిలో ఫ్లోరైడు ఉన్నదని వారికి తోచుటకు అప్పటికి లోకంలో జరిగిన పని ఆధారమైనది. అమెరికాలో కొన్ని ఊళ్ల పిల్లల పళ్లు మచ్చలు పడుతున్నవి. అర్కన్సాస్ రాష్ట్రంలో బాక్సైట్ అను ఊరు అల్యూమినియం కంపెనీకి చెందినది. నింద తమ లోహం మీదికి వచ్చునేమోనని ఆ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్ అక్కడి నీటిని వర్ణపట యంత్రంతో పరీక్షించినాడు. 1931లో ఆ నీటిలో లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడు బయటపడినది. మరుసటి ఏడు డెన్మార్కులో క్రయోలైట్ అను ఫ్లోరిను ఖనిజపు ధూళిని పీల్చిన కార్మికుల ఎముకలు గట్టిపడి బరువెక్కినట్లు మరి ఇద్దరు వైద్యులు చూపినారు. అమెరికా పళ్లు, డెన్మార్కు ఎముకలు, నెల్లూరు ఎద్దులు - వీటిని ఒక్క త్రాటిపై కూర్చినది ప్రయోగశాలయే.

నల్లగొండ జిల్లా సంగతిని 1955లో ఎ. హెచ్. సిద్దీఖీ అను హైదరాబాదు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సవిస్తరంగా ప్రకటించినాడు. నాగార్జునసాగరానికి పునాదిరాయి పడినది ఆ ఏడాది డిసెంబరులోనే అన్నది ఇక్కడ గుర్తుంచుకొనదగినది. ఒకవంక కృష్ణా జలాలను నిలుపుటకు యత్నం ఆరంభమైనది. మరొకవంక ఆ జిల్లా బావి నీటిలోని విషం పత్రికకెక్కినది. ఈ రెండు కథలు కలియుటకు చాల కాలం పట్టినది.

మన నీటిలో ఈ ఫ్లోరైడు ఎక్కడిది? మన కాళ్ల క్రింది గ్రానైటు రాతిలోనిది. ఆ రాతిలో ఫ్లోరైటు, అపటైటు, కాకిబంగారము వంటి ఖనిజాలున్నవి. వర్షం తక్కువై, నీరు రాతి పగుళ్లలో చిరకాలం నిలిచి, క్షారగుణం పొందినకొలది ఆ ఖనిజాలలోని ఫ్లోరైడు నీటిలోనికి దిగుతుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడును పట్టి క్రిందికి దింపుతుంది; మన నీరు చాలచోట్ల ఆ భాగ్యానికి నోచుకొనలేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు; వేరొక నీరు దొరకనప్పుడు 1.5 వరకు సహింపవచ్చును. నల్లగొండ జిల్లా బావులలో కొన్నింట అది 10 మిల్లీగ్రాములు కూడ దాటినది. పాలమూరు పల్లెలలో సైతం కొన్నిచోట్ల ఈ బాధ ఉన్నది. రాయి ఒకటే గదా; జిల్లా సరిహద్దు దానికి తెలియదు.

ఈ ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియు రుచి లేదు. మన పెద్దలు నీటిని పరీక్షించిన సాధనాలు మూడు - కన్ను, ముక్కు, నాలుక. ఈ మూడును ఇక్కడ ఓడిపోయినవి. ప్రయోగశాల అవసరం ఇక్కడనే మనకు తేటపడుతుంది. జిర్కోనియం అను లోహపు లవణాన్ని, అలిజరిన్ అను ఎర్ర రంగును కలిపి ఒక ద్రవం చేస్తారు. అందులో ఫ్లోరైడు ఉన్న నీరు పోస్తే, ఫ్లోరైడు ఆ లోహాన్ని రంగు నుండి విడదీసి తనవైపు లాగుకొంటుంది. ఎరుపు వెలిసి పసుపు వైపు తిరుగుతుంది. ముందే తెలిసిన కొలతలతో సిద్ధపరచిన నాళికల వరుస ప్రక్కన దీనిని నిలిపి పోల్చితే, ఫ్లోరైడు ఎంతో కంటితోనే చెప్పవచ్చును. 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అను ఇద్దరు లాంథనం ఫ్లోరైడు స్ఫటికంతో ఒక విద్యుత్ సాధనం కనిపెట్టిన పిదప ఈ కొలత మరింత సులభమైనది. వైద్యశాలలో ఎక్స్‌రే ఛాయాచిత్రం సైతం సాక్ష్యమిచ్చినది. ముంజేతిలోని రెండు ఎముకల నడిమి పొరలో కాల్షియం పేరుకొనుట ఈ వ్యాధికి గట్టి గుర్తు. వాతమా, కర్మమా అన్న వాదం అక్కడితో ముగిసినది.

1958లో మన సీమకు మేలుచేసిన మరొక సంఘటన జరిగినది. నీలగిరి కొండలలోని కూనూరు నుండి పోషకాహార పరిశోధనాలయం హైదరాబాదుకు తరలివచ్చినది. 1918లో మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని విచారించుటకు ఒక చిన్న విభాగంగా స్థాపించిన సంస్థ అది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందినది. కొండల మీది చల్లదనం వీడి దక్కను మెట్టకు దిగిన ఆ సంస్థకు, జొన్న తినే జనుల మధ్య కొత్త ప్రశ్నలు ఎదురైనవి.

మొదటి ప్రశ్న పెల్లాగ్రా అను వ్యాధి. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగులుట, విరేచనాలు, మతిచలనం దీని లక్షణాలు. ఇది మొక్కజొన్న తినే దేశాల వ్యాధి అని లోకం ఎరుగును. మొక్కజొన్నలో ట్రిప్టొఫాన్ అను మాంసకృత్తు భాగం తక్కువ; శరీరం దాని నుండియే నియాసిన్ అను విటమినును కొంతవరకు చేసికొంటుంది. కాని జొన్నలో ట్రిప్టొఫాన్ అంత తక్కువ కాదు. మరి దక్కనులో జొన్న తినే కూలివారికి ఈ వ్యాధి ఎందుకు వస్తున్నది? 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య అను శాస్త్రజ్ఞులు ఒక సమాధానం సూచించినారు. జొన్నలో లూసిన్ అను మరొక భాగం అధికంగా ఉన్నదనియు, అది నియాసిన్ తయారీని చెరుపుతున్నదనియు వారి వాదం. దీనిపై తరువాత లోకంలో చాల చర్చ జరిగినది. ఇందులో జొన్నను నిందింపవలసిన పని లేదు. పప్పు, పాలు, ఆకుకూర కొనుక్కొనలేక జొన్న ఒక్కదాని మీదనే బ్రతుకవలసివచ్చిన పేదరికమే అసలు దోషి. అయినను, కూలివాని గటక ముంతలోని సంగతి లాన్సెట్ పత్రికలో చర్చకు వచ్చుట చిన్న విషయం కాదు.

రెండవ ప్రశ్న మరింత బాధాకరమైనది. నల్లగొండ పల్లెలలో ఎదిగే పిల్లలకు మోకాళ్లు లోనికి వంగి ఒకదానినొకటి రాచుకొనే వైకల్యం కనబడినది. పెద్దలలో ఎముకలు గట్టిపడుట తెలిసిన సంగతే. పిల్లలలో ఎముకలు బలహీనమై వంగుట కొత్త సంగతి. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో దీనిని ప్రకటించినారు. 1977లో ఆ సంస్థవారే ఆ గ్రామాల ధాన్యాలను పరీక్షించి ప్రకటించిన ఫలితాలలో జొన్నలోని మాలిబ్డినం, రాగి, తుత్తునాగం లెక్కకు వచ్చినవి. మాలిబ్డినం అధికమైతే శరీరం నుండి రాగి ఎక్కువగా పోతుంది. రాగి లోపం ఎముకకు కీడు. సాగర్ జలాల వలన భూగర్భ నీటిమట్టం పెరిగి నేల గుణం మారినందున ఇట్లయినదని ఒక అభిప్రాయం కూడ వెలువడినది. అది అభిప్రాయమే, నిశ్చితమైన తీర్పు కాదు. కాని మేలు కోరి తెచ్చిన నీటిని కూడ నిత్యం పరీక్షించుకొనుచుండవలెనన్న మెలకువ అందులో ఉన్నది.

ప్రశ్న ప్రయోగశాలకు చేరినది. మరి సమాధానం ఇంటికి చేరినదా? 1958లో నాగపూరులో ఏర్పడి, తరువాత జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ అన్న పేరు పొందిన ప్రయోగశాలవారు నీటిలోని ఫ్లోరైడును తీసివేయు మార్గాలు వెదకినారు. ఖరీదైన పదార్థాలను ప్రక్కన పెట్టి చివరకు పల్లె అంగడిలో దొరికే మూడు వస్తువులను ఎన్నుకొన్నారు - పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి. 1975లో ప్రకటితమైన ఈ పద్ధతికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టినారు. సుమారు 40 లీటర్ల బకెట్టులో నీరు పోసి, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, తగిన కొలత పటిక ద్రావణం చేర్చి, ముందు వేగంగా, పిదప మెల్లగా కలియబెట్టవలెను. తెల్లని పొరకలు ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగున చేరుతవి. గంటసేపు కదల్చకుండ ఉంచి, అడుగుకు కొన్ని అంగుళాలు పైన అమర్చిన కుళాయి నుండి తేటనీటిని పట్టుకొనవలెను. ఇథియోపియా, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాలకు సైతం ఈ పద్ధతి నల్లగొండ పేరుతోనే వెళ్లినది.

ఈ కీర్తిని తలచి సంతోషించుట తప్పు కాదు. కాని ఇంటి ఇల్లాలి దృష్టితో కూడ దీనిని చూడవలెను. ప్రతిదినం పటిక తూచవలెను, కలియబెట్టవలెను, గంట ఆగవలెను, అడుగున చేరిన మడ్డిని ఎక్కడనో పారబోయవలెను. పటిక ఎక్కువైతే నీటి రుచి చెడి, అల్యూమినియం మిగులుతుంది. తక్కువైతే ఫ్లోరైడు మిగులుతుంది. పగలంతా కూలికి పోయి వచ్చిన మనిషికి ఇది తేలిక పని కాదు. బకెట్టులో గెలిచిన సూత్రం నిత్యజీవితంలో నిలువవలెనంటే కొలత చెప్పేవాడు, పొడి సమకూర్చేవాడు, నీటిని మరల పరీక్షించేవాడు ఊరిలోనే ఉండవలెను. ఆ ఏర్పాటు లేనిచోట ఎంత మంచి పద్ధతియైనా మూలబడుతుంది. చింతపండు సంగతియు ఇట్టిదే. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఎక్కువ ఫ్లోరైడు బయటకు పోవుచున్నట్లు హైదరాబాదు పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించినారు. పచ్చిపులుసు తినే మన సీమకు ఇది ప్రియమైన వార్త. కాని అది మంచినీటికి మారు కాదు.

అసలు పరిష్కారం నదీజలమే. చాల ఏండ్ల ఆందోళనల తరువాత నల్లగొండ పల్లెలకు కృష్ణా జలాలు అంచెలంచెలుగా వచ్చినవి. 2015 జూన్‌లో అప్పటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో ఇంటింటికి నీటినిచ్చే మిషన్ భగీరథ పథకానికి స్తంభం నిలిపినారు. నది నీరు వచ్చిన ఊళ్లలో పుట్టిన పిల్లలకు తెల్లని పళ్లు, తిన్నని కాళ్లు దక్కుట గొప్ప మేలు. అయితే ఒకసారి బిగిసిన ఎముక మరల సడలదు. ఆ తరంవారికి వైద్యం, ఆసరా కావలెను. పైగా కుళాయి ఆగిన దినం మనిషి మరల బోరుబావి వద్దకే పోతాడు. కనుక పరీక్షకు విశ్రాంతి లేదు.

ఇక విద్య మాట. పాలమూరు, నల్లగొండలలో నేడు విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు ఉన్నవి. మహబూబ్‌నగర్ వైద్య కళాశాల 2016లో ఆరంభమైనది. వాటి ప్రయోగశాలల మాట అటుంచి, పాఠశాలలోని చిన్న ప్రయోగశాలను తలచుకొందాము. నల్లగొండ పద్ధతిలో పటిక ఎంత వేయవలెనన్నది రెండు అంకెల మీద ఆధారపడియున్నది. ఒకటి నీటిలోని ఫ్లోరైడు. రెండవది నీటి క్షారగుణం. ఈ రెండవదానిని కొలుచుటకు ఒక బ్యూరెట్టు, కొంచెము పలుచని ఆమ్లం, రంగు మారే సూచిక ఒకటి చాలును. ఇంటర్మీడియట్ విద్యార్థి ఏటేట చేసే పరీక్ష ఇదే. కాని అతడు సీసాలోని పేరులేని ద్రవాన్ని కొలిచి, పుస్తకంలోని జవాబుతో సరిపోయినదా అని చూచుకొని, అంతటితో మరచిపోతాడు. ఆ బ్యూరెట్టు క్రింద తన ఊరి బోరు నీటిని ఉంచినచో ఆ పరీక్ష అర్థమే మారుతుంది. అప్పుడు అతడు కొలుస్తున్నది మార్కులను కాదు, తన తమ్ముని ఎముకలను కాపాడే కొలతను.

ప్రతి ఉన్నత పాఠశాల తన చుట్టుప్రక్కల బావులను, బోరులను ఏడాదికి రెండు మారులు, వానకు ముందు ఒకమారు, వాన వెలిసిన పిదప ఒకమారు, పరీక్షించి, ఆ అంకెలను గ్రామ పంచాయతీ గోడ మీద వ్రాయగలిగితే ఎంత మేలు! దీనికి గొప్ప ధనం అక్కరలేదు. ఉపాధ్యాయుని శ్రద్ధ, పిల్లల ఉత్సాహం, ఏటేట అంకెలను భద్రపరచే ఒక పుస్తకం కావలెను. పది సంవత్సరాల అంకెలు ఒకచోట చేరితే, ఏ పెద్ద శాస్త్రజ్ఞుడైనా ఆ పుస్తకాన్ని వెదకుకొంటూ ఆ బడికి వస్తాడు.

ఎద్దు కాళ్లు బిగియుట రైతు చూచినాడు గనుక నెల్లూరు కథ ఆరంభమైనది. నాలుకకు తెలియనిది గాజు నాళికకు తెలిసినది గనుక నల్లగొండ కథ ముందుకు సాగినది. రైతు చూపును, గాజు నాళికను ఒక్క చేతిలో పెట్టగలిగినది మన పాఠశాల ఒక్కటే. ఆ పని మన సీమలో ఇంకను మిగిలియున్నది.